రాగి రేకు మీద మన తీరము, మన పల్లె

విశాఖపట్నము చేపల రేవుకు తెల్లవారుజామున ఎప్పుడైనా వెళ్ళారా? పడవలు ఒడ్డుకు చేరగానే బుట్టలు దిగుతాయి. వేలంపాట మొదలవుతుంది. ఒకసారి నేను ఒక వృద్ధురాలి బుట్ట ముందు ఆగి, "ఇవేమి చేపలమ్మా?" అని అడిగాను. "కానాగంతలు బాబూ, ఇప్పుడే దిగాయి. పులుసుకు బాగుంటాయి, తీసుకో" అన్నది. కొన్ని చోట్ల వాటినే కానగర్తలు అని కూడా అంటారు.

ఆ తల్లికి తెలియని సంగతి ఒకటున్నది. ఆమె నోట పలికిన ఆ మాటనే జపానులోని శాస్త్రవేత్త, ఆఫ్రికాలోని విద్యార్థి, అమెరికాలోని మ్యూజియము ఉద్యోగి కూడా పలుకుతారు. ఆ చేపకు లోకమంతటా చెల్లే శాస్త్రీయ నామము "రాస్ట్రెల్లిగర్ కనగుర్త". మన జాలరుల మాట లాటిను పేరులో కూర్చున్నది! అది అక్కడకు ఎలా చేరింది? ఒక రాగి రేకు మీద చెక్కిన బొమ్మ ద్వారా చేరింది. ఆ బొమ్మ సంగతి, దానితోపాటు సుమారు రెండు వందల సంవత్సరముల క్రిందట పల్లెలను, పంటలను, ప్రాణులను కాగితము మీద అచ్చు వేసిన పద్ధతుల సంగతి ఈ నెల చెప్పుకుందాము.

విశాఖలో ఒక వైద్యుడు

పాట్రిక్ రస్సెల్ గారు స్కాట్లాండు దేశస్థుడు, వైద్యుడు. సిరియాలోని అలెప్పో పట్టణములో చాలాకాలము పనిచేసి, ప్లేగు వ్యాధిని దగ్గరగా చూసినవాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ గారికి ఈస్టిండియా కంపెనీవారి కొలువులో విశాఖపట్నములో అధికారము దొరికింది. ఆయనకు తోడుగా పాట్రిక్ గారు 1780లలో మన తీరమునకు వచ్చారు. 1785లో కంపెనీవారు ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించారు.

అప్పటి విశాఖ నేటి విశాఖ కాదు. ఓడరేవు 1933లో గాని ప్రారంభము కాలేదు. ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన 1971లో జరిగింది. రస్సెల్ గారు చూసినది డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో ఒక చిన్న కోట, కొన్ని వీధులు, వాటి చుట్టూ జాలరి పల్లెలు, తాటితోపులు, వరి మళ్ళు. ఆయన చేపలను తెప్పించుకుని, ఒక్కొక్కదానికి బొమ్మ గీయించి, జాలరులు ఏ పేరుతో పిలుస్తారో అడిగి ఆ పేరునే క్రింద వ్రాయించారు. బొమ్మలు గీసినది ఈ దేశపు చిత్రకారుడే. అతని పేరు మాత్రము పుస్తకము మీద లేదు.

ఆ పుస్తకము 1803లో లండనులో రెండు సంపుటములుగా వెలువడింది. కోరమాండల్ తీరములోని విశాఖపట్నములో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అని దాని పేరులోనే మన ఊరు ఉన్నది. కోనము, వంజరము వంటి పేర్లు ఇంగ్లీషు అక్షరములలో ఆ పుటల మీద కనబడతాయి. పారిసు నగరములోని కువియే అనే గొప్ప శాస్త్రజ్ఞుడు విశాఖను ఎన్నడూ చూడలేదు. ఈ పుస్తకములోని బొమ్మను, వర్ణనను చూసి ఆయన 1816లో కానగర్తకు "కనగుర్త" అనే పేరునే ఖాయము చేశారు. జెల్లొ అనే పేరు కూడా అలాగే ఒక పెద్ద చేపకు శాస్త్రీయ నామములో నిలిచిపోయింది.

గీత రేకులోకి ఎలా దిగుతుంది?

ఫోటో యంత్రము లేని రోజులవి. ఒక బొమ్మను వందల ప్రతులు తీయాలంటే చేతి పని తప్ప వేరు మార్గము లేదు. ఆ పని ఇలా సాగేది.

ముందుగా రాగి రేకును అద్దములా మెరిసేలా నునుపు చేస్తారు. తరువాత పదునైన చిన్న ఉక్కు ఉలిని అరచేతిలో ఇమిడ్చి పట్టుకుని, బొమ్మలోని గీతలను రేకులోకి చెక్కుతారు. నాగటి కర్రు వెనుక చాలు ఏర్పడినట్టు, ఉలి నడచిన చోట సన్నని చాలు ఏర్పడుతుంది. లోతు ఎక్కువైతే గీత నల్లగా వస్తుంది, తక్కువైతే పలుచగా వస్తుంది. చేప ఒంటి మీది పొలుసులన్నీ ఇలా గీత వెంట గీతగా చెక్కినవే. చెయ్యి ఒక్కసారి జారితే రోజుల కష్టము పాడవుతుంది.

చెక్కడము అయిన తరువాత రేకంతా సిరా పూసి, పలుచని గుడ్డతో తుడిచివేస్తారు. పైనున్న సిరా పోతుంది, చాళ్ళలోని సిరా మాత్రము మిగులుతుంది. దాని మీద తడి కాగితము పరచి, రెండు గట్టి రోలర్ల నడుమ నుండి లాగుతారు. చెరకు గానుగను చూసినవారికి ఈ యంత్రము వేరే వర్ణించనక్కరలేదు. ఆ ఒత్తిడికి తడి కాగితము చాళ్ళలోకి దిగి, సిరాను పీల్చుకుని పైకి తెస్తుంది. కాగితము మీద బొమ్మ తిరగబడి వస్తుంది గనుక, చెక్కేవాడు కుడిని ఎడమగా, ఎడమను కుడిగా తలచుకుని చెక్కాలి.

ఇంకొక పద్ధతిలో ఉలికి బదులు యాసిడ్ పనిచేస్తుంది. రేకు మీద మైనపు పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. సూది నడచిన చోట మైనము తొలగి రాగి బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ఉంచితే బయటపడిన రాగిని అది మెల్లగా తింటుంది. కొంచెముసేపు ఉంచితే పలుచని గీత, ఎక్కువసేపు ఉంచితే నల్లని గీత. ఉలితో చెక్కినది ఆచితూచి నడచినట్టుంటే, యాసిడ్‌తో తీసినది కలముతో వ్రాసినంత ధారాళముగా ఉంటుంది. అందుకే చెట్ల కొమ్మలు, గుడిసెల కప్పులు, చిరిగిన బట్టల ముడతలు చూపడానికి ఆ కాలపు చిత్రకారులు దీనిని ఇష్టపడ్డారు.

రంగు కావాలంటే అచ్చు అయిన ప్రతి కాగితము మీద కుంచెతో చేతితో అద్దవలసిందే. చేపల పుస్తకములో బొమ్మలు నలుపు తెలుపులలోనే ఉన్నాయి. పాముల పుస్తకమునకు మాత్రము రంగులు అద్దారు. దానికి కారణమున్నది.

కాటుకరేకుల పొడ

1796లో రస్సెల్ గారి పాముల పుస్తకము కంపెనీవారి ఖర్చుతో వెలువడింది. పొలములలో తిరిగే ప్రజలకు, సిపాయిలకు, వైద్యులకు ఏది విషసర్పమో ఏది కాదో తేటగా చూపాలని ఆయన కోరిక. పాముకు పాముకు భేదము ఒంటి మీది మచ్చలలో, రంగులో, పొలుసుల వరుసలలో ఉంటుంది. మాటలతో ఎంత చెప్పినా రైతు కంటికి కట్టదు. అందుకే ఆ పుటలకు రంగులు అవసరమైనాయి.

ఆ పుస్తకములో ఒక పాము పేరు "కాటుకరేకుల పొడ". ఎంత చక్కని పేరో చూడండి! వీపు మీద కాటుకతో దిద్దిన రేకుల వంటి మచ్చలని మనవారు గుర్తుపెట్టుకున్న తీరు అది. దానినే మనము రక్తపింజరి అంటున్నాము. ప్రపంచము దానిని రస్సెల్ గారి పేరుతోనే పిలుస్తున్నది. మనవారు బంగారు పాము అని పిలిచిన దాని పేరు మీదనే కట్లపాముల జాతి అంతటికీ 1803లో "బంగారస్" అనే పేరు వచ్చింది.

ఈ పుట నాకు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మా మేనమామగారిని కోతల రోజులలో గడ్డివాము దగ్గర పాము కరిచింది. చూసినవారు, "లావుగా, మచ్చలతో ఉన్నది, కొండచిలువ పిల్ల. విషము లేదులే మావయ్యా" అన్నారు. ఆయన కూడా ఆ మాట నమ్మి, కాలికి పసుపు రాసుకుని అరుగు మీద పడుకున్నారు. సాయంత్రమునకు కాలు వాచి, చిగుళ్ళ నుండి రక్తము వచ్చింది. ఎడ్లబండి మీద పట్నము చేర్చేసరికి రాత్రి అయింది. మూత్రపిండములు చెడి, మూడవ రోజున కన్నుమూశారు. ఆయనను కరిచినది రక్తపింజరి. చాలా సంవత్సరముల తరువాత రస్సెల్ గారి పుస్తకములోని ఆ బొమ్మ నకలు చూసినప్పుడు, గొలుసులా సాగిన ఆ మచ్చల మూడు వరుసలను చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ఆ పుట మా ఊరి బడి గోడ మీద ఉండి ఉంటే అనుకున్నాను.

ఇది పాతకాలపు సంగతి మాత్రమే కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటు వలన మరణించారని పరిశోధకులు లెక్క కట్టారు. ఎక్కువమంది పల్లెలవారే. మన తెలుగు ప్రాంతము కూడా ఆ భారము ఎక్కువగా మోసే ప్రాంతములలో ఒకటి. కనుక ఈ మాట గుర్తుంచుకోండి: ఏ పామైనా సరే, కోయడము, నోటితో పీల్చడము, బిగించి కట్టడము, మంత్రము కోసము కాలము పోగొట్టడము వద్దు. కాలును కదల్చకుండా, వెంటనే విషము విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. పామును వెదకి చంపి తెచ్చే పని కూడా పెట్టుకోవద్దు.

సామర్లకోట చెట్లు

రస్సెల్ గారి తరువాత ఆ పని విలియం రాక్స్‌బర్గ్ గారి చేతికి వచ్చింది. ఆయన సామర్లకోటలో ఉండి మన చెట్టూచేమలను పరిశీలించారు. ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని వందల కొలది మొక్కల బొమ్మలు వేయించారు. వాటిలో నుండి 300 బొమ్మలు 1795 నుండి 1820 వరకు లండనులో మూడు పెద్ద సంపుటములుగా అచ్చయ్యాయి. తాటిచెట్టు, మోదుగ, నల్లజీడి వంటివన్నీ ఆ పుటలలో ఉన్నాయి. మొక్క పేరు తెలుగులో ఏమిటో కూడా ఆయన వ్రాశారు.

మొదటి సంపుటములోనే చిరివేరు మొక్క ఉన్నది. చూడటానికి గడ్డిపోచలా ఉండే ఆ మొక్క వేరు నుండి మనవారు ఎర్రని రంగు తీసేవారు. కలంకారీ బట్టల మీది ఎరుపు అదే. ఆ వేరును ఎలా త్రవ్వుతారు, బట్టను ఎలా అద్దుతారు అనే సంగతులన్నీ రాక్స్‌బర్గ్ గారు వివరముగా వ్రాశారు. అంటే అది మొక్క బొమ్మ మాత్రమే కాదు. దాని వెనుక ఇసుక నేలలో వేళ్ళు త్రవ్వే కూలీలు, రంగు కాచే ఇల్లాండ్రు, బట్ట ఉతికే చాకలివారు ఉన్నారు.

అయితే ఆ అందమైన పుటలలో కనబడనిది ఒకటున్నది. 1787లో కోరంగి ప్రాంతమును ఉప్పెన ముంచింది. తరువాత 1790ల ప్రారంభములో సర్కారు జిల్లాలలో ఘోరమైన కరువు వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రాక్స్‌బర్గ్ గారు ఆ కరువును కళ్ళారా చూసి, వానలు లేకపోయినా ఆకలి తీర్చగల కొబ్బరి వంటి చెట్లను విరివిగా నాటించాలని పై అధికారులకు వ్రాశారు. కాని రాగి రేకు మీద చెక్కినది పచ్చని ఆకునే, ఎండిన డొక్కను కాదు. బొమ్మ అబద్ధము చెప్పలేదు. అయినా నిజమంతా చెప్పలేదు.

కొయ్య మీద చెక్కిన పల్లె

ఇదే కాలములో ఇంగ్లండు ఉత్తర భాగములో థామస్ బ్యూయిక్ అనే ఒక పల్లెటూరి మనిషి ఉన్నారు. 1753లో చెర్రీబర్న్ అనే చిన్న కమతములో పుట్టారు. చిన్నతనములో కాగితము దొరకక, ఊరి దేవాలయపు వాకిట రాతి పలకల మీద, సమాధి రాళ్ళ మీద సుద్దతో బొమ్మలు గీసేవారు. పద్నాలుగో ఏట న్యూకాసిల్ పట్టణములో ఒక చెక్కుడు పనివాని దగ్గర శిష్యునిగా చేరారు. న్యూకాసిల్ కూడా మన విశాఖ వంటిదే. నది ఒడ్డున ఓడలు, బొగ్గు, ఇనుము, పొగ. అక్కడ బ్రతుకుతెరువు సంపాదించుకున్నా ఆయన మనసు పల్లెలోనే ఉండిపోయింది.

బ్యూయిక్ గారు రాగిని విడిచి కొయ్యను పట్టారు. కొయ్య అచ్చు మనకు కొత్త కాదు. పెడనలో బట్టల మీద అద్దకము వేసే దిమ్మలను చూసినవారున్నారు గదా! అక్కడ బొమ్మ ఎత్తుగా ఉంటుంది, మిగిలినది తవ్వివేస్తారు, ఎత్తు మీద రంగు అంటుతుంది. సాధారణముగా మాను పొడవునా కోసిన పలక మీద చెక్కుతారు. దాని మీద సన్నని గీత నిలవదు, ఈనె వెంట చిట్లిపోతుంది. బ్యూయిక్ గారు మానును అడ్డముగా కోసి, వలయములు కనబడే ముఖము మీద చెక్కారు. బాక్స్ అనే చెట్టు కొయ్య దంతమంత గట్టిది. దాని అడ్డకోత మీద రాగి చెక్కే ఉలితోనే వెంట్రుకవాసి గీతలు తీయవచ్చు. చెక్కని చోటు నల్లగా, చెక్కిన చోటు తెల్లగా వస్తుంది. చీకటి నేల మీద వెలుగును కొంచెము కొంచెము తెరచినట్టు ఉంటుంది ఆ పని.

దీనితో ఒక గొప్ప మేలు కలిగింది. రాగి రేకు అచ్చుకు రోలర్ల యంత్రము వేరే కావాలి. అక్షరములను ఒకచోట, బొమ్మను మరొకచోట అచ్చు వేసి కలిపి కుట్టాలి. ఖర్చు ఎక్కువ. రేకు మెత్తనిది గనుక కొంత కాలమునకు అరిగిపోతుంది. కొయ్య దిమ్మ అట్లా కాదు. సీసపు అక్షరముల ఎత్తుకు సరిగా కోసి, వాటి ప్రక్కనే బిగించి, ఒకే ఒత్తుడుకు అక్షరమును, బొమ్మను కలిపి అచ్చు వేయవచ్చు. వేల ప్రతులు తీసినా అరగదు. అందుచేత రాగి బొమ్మ ధనవంతుని బల్ల మీదకు వెళితే, కొయ్య బొమ్మ పేదవాని ఇంటికి వచ్చింది. పిల్లల వాచకములు, పంచాంగములు, చిన్న చిన్న కరపత్రికలు బొమ్మలతో వెలువడినది ఈ పద్ధతి వలననే.

బ్యూయిక్ గారు పక్షుల మీద రెండు సంపుటములు తెచ్చారు. మొదటిది 1797లో, రెండవది 1804లో వెలువడింది. పుట చివర మిగిలిన ఖాళీలో అరచేతిలో సగము కూడా లేని చిన్న చిన్న పల్లె బొమ్మలు వేశారు. ఒక బొమ్మలో మంచు కురిసిన నేల మీద మేత దొరకని తల్లి గొర్రె చీపురు కట్టను కొరుకుతూ ఉంటుంది, ప్రక్కన పిల్ల. ఇంకొక బొమ్మలో ఒక ఆసామి వంతెన సుంకము మిగులుతుందని ఆవు తోక పట్టుకుని ఏరు దాటుతూ ఉంటాడు. ఆ తొందరలో అతని టోపీ గాలికి ఎగిరి నీళ్ళలో పోతున్నది! మిగిలినది ఒక్క కాసు, పోయినది అంతకంటె ఎక్కువ. మన ఊళ్ళో ఇటువంటి ఆసామి లేడా?

ఆయన చివరి పని ఒక ముసలి గుర్రము బొమ్మ. జీవితమంతా యజమానికి చాకిరి చేసి, ఎముకల గూడై, వానలో ఒంటరిగా చావు కోసము నిలబడి ఉన్న గుర్రము. మూగజీవముల పట్ల క్రూరత్వము మానాలని చెప్పడానికి ఆయన దానిని పూనుకున్నారు. పూర్తి కాకుండానే 1828లో కన్నుమూశారు. పనికిరాని ఎద్దును రోడ్డు మీద విడిచివేసేటప్పుడు ఆ బొమ్మ మనకు గుర్తుకు రావాలి.

గుగ్గిలపు పొడి, సున్నపు రాయి

ఇంకా రెండు పద్ధతులు క్లుప్తముగా చెబుతాను. రాగి రేకు మీద గుగ్గిలపు పొడిని సన్నగా చల్లి, వేడి చేస్తే ఆ రేణువులు అంటుకుంటాయి. యాసిడ్ వాటి సందులలోనే రాగిని తింటుంది. అప్పుడు గీత కాక, మబ్బు వంటి నీడ వస్తుంది. దీనిని ఆక్వాటింట్ అంటారు. థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం డేనియల్ 1786 నుండి కొన్ని సంవత్సరములు మన దేశములో తిరిగి, 1795 నుండి 1808 వరకు 144 ఆక్వాటింట్ దృశ్యములను వెలువరించారు. కోటలు, గుళ్ళు, మర్రిచెట్లు, వాటి నీడలో చిన్నగా మనుషులు.

రెండవది రాతి అచ్చు. జర్మనీ దేశములో సెనెఫెల్డర్ అనే ఆయన 1790ల చివరలో కనిపెట్టారు. నూనె, నీరు కలవవనే సంగతే దీనికి ఆధారము. నున్నని సున్నపు రాయి మీద జిడ్డు బలపముతో బొమ్మ గీసి, రాయిని తడుపుతారు. జిడ్డు ఉన్న చోట నీరు నిలవదు, సిరా అంటుతుంది. తడి ఉన్న చోట సిరా అంటదు. చెక్కే పనే లేదు! 1827లో జాన్ గాంట్జ్ అనే ఆయన మద్రాసులో ఈ పద్ధతితోనే మన దక్షిణ దేశపు వృత్తులవారి బొమ్మలు వెలువరించారు. తరువాతి కాలములో ఇంటింటి గోడ మీద వెలసిన రంగుల పటములు, ఆదివారపు బడిలో పంచిన మంచి కాపరి కార్డులు ఈ రాతి అచ్చు సంతానమే.

ఈ బొమ్మలను కొన్నవారు ఎవరు? పల్లెవారు కాదు. మిల్లుల పొగలో బ్రతికే పట్టణవాసులు. పొలములు విడిచి వచ్చినవారికి, వారి పిల్లలకు పల్లె మీద బెంగ పట్టుకున్నది. ఆ బెంగకు తగినట్టు చిత్రకారులు పల్లెను అందముగా వేశారు. అప్పులు, కౌలు బాధలు, ఆకలి ఆ అందములో తరచు దాగిపోయాయి. డేనియల్ గారి మర్రి నీడలోని మనిషి కూలివాడో రైతో, ఆ పూట తిన్నాడో లేదో మనకు తెలియదు. బ్యూయిక్ గారి చీపురు కొరికే గొర్రె మాత్రము మనకు ఆకలిని చూపిస్తుంది. ఆయన పల్లెలో పుట్టినవాడు గనుక.

కంసాలి చేతి గీత

చెక్కుడు పని తెల్లవారి దగ్గర మనము నేర్చుకున్నదని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజులలో విశాఖపట్నము పేరు సముద్రముల అవతల మ్రోగినది దంతపు పని వలన. ఇక్కడి కంసాలులు పెట్టెలకు, బల్లలకు, కుర్చీలకు ఏనుగు దంతపు పలుచని రేకులు తాపడము చేసి, వాటి మీద సన్నని ఉలితో చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కను నింపేవారు. 1756 నాటికే ఇక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ తాపడపు పని నేర్పును మెచ్చుకుని వ్రాశాడు.

ఆలోచించి చూడండి: రాగి రేకు మీద గీత చెక్కి సిరా నింపడము, దంతము మీద గీత చెక్కి లక్క నింపడము ఒకటే విద్య. భేదము ఒక్కటే. లండను పనివాడు ఆ సిరాను కాగితము మీదకు లాగి వంద ప్రతులు తీశాడు. మన కంసాలి దానిని పెట్టె మీదనే ఉంచాడు. విచిత్రమేమిటంటే, ఇంగ్లండు నుండి వచ్చిన అచ్చు బొమ్మలను ముందు పెట్టుకుని మన కంసాలులు అక్కడి మేడలను, చెట్లను, తోటలను దంతము మీద చెక్కారు. తాము ఎన్నడూ చూడని పల్లెను వారు చెక్కారు. ఆ పెట్టెలు కొన్ని నేటికీ లండను మ్యూజియములో ఉన్నాయి. వాటి మీద కూడా చేసినవాని పేరు లేదు. ఏనుగుల రక్షణ కొరకు దంతపు వ్యాపారమును చట్టము నిషేధించినది, అది మంచిదే. కాని ఆ చేతి నేర్పు మనదని మరువకూడదు.

ఆ దశాబ్దములలోనే ఇంకొక అచ్చు పని కూడా విశాఖలో మొదలైంది. రస్సెల్ గారు లండనులో మరణించిన 1805వ సంవత్సరములోనే లండను మిషను వారైన క్రాన్, డెస్‌గ్రాంజెస్ గార్లు ఇక్కడకు వచ్చారు. ఆనందరాయరు గారి సహాయముతో డెస్‌గ్రాంజెస్ గారు తెలుగు చేసిన మూడు సువార్తలు, ఆయన మరణము తరువాత, 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. చేప పేరును జాలరిని అడిగినట్టే, మాటను తెలుగువానిని అడిగి వ్రాసిన పని అది. ఇక్కడ మాత్రము సహాయము చేసినవారి పేరు నిలిచింది.

మన ఇంటిలో, మన ఊరిలో

అచ్చు బొమ్మల విద్య తెలుగునాట నేటికీ బ్రతికే ఉన్నది. మెదక్ జిల్లా నిజాంపూరులో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ గారు తాను పెరిగిన పల్లెను, మేకలను, మనుషులను లోహపు రేకు మీద యాసిడ్ గీతలతో చూపి పేరు పొందారు. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

మన పిల్లలకు ఈ విద్య రుచి చూపడానికి రాగి రేకు అక్కరలేదు. బెండకాయను అడ్డముగా కోసి, రంగులో ముంచి కాగితము మీద ఒత్తండి, పువ్వు వస్తుంది. అదే కొయ్య అచ్చు విద్య. మోదుగ ఆకు మీద పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దండి, ఈనెలన్నీ పైకి వస్తాయి. ఆ ఆకు క్రింద దాని పేరు వ్రాయించండి. పుస్తకములోని పేరు కాదు, మీ నాయనమ్మ పిలిచే పేరు.

ఈ చివరి మాట ఊరికే అనడము లేదు. విశాఖ ఉక్కు కర్మాగారము కొరకు ఎన్నో కుటుంబములు భూములిచ్చి ఊళ్ళు విడిచాయి. 1992లో ఆ కర్మాగారమును జాతికి అంకితము చేశారు. అది ఎందరికో అన్నము పెట్టింది. కాని ఆ ఊళ్ళలో ఒకదాని నుండి వచ్చిన ఒక తాతగారిని, "మీ ఊరు ఎట్లా ఉండేది తాతా?" అని అడిగితే, ఆయన కర్రతో ఇసుక మీద గీసి చూపించారు. ఇది చెరువు, ఇది రావిచెట్టు, ఇది మా కళ్ళము. మనుమడు ప్రక్కనే నిలబడి చూశాడు. గాలి వీచింది, గీతలు పోయాయి.

రెండు వందల సంవత్సరముల క్రిందట ఒక పరదేశి మన జాలరిని పేరు అడిగి వ్రాయించాడు గనుక కానగర్త పేరు నిలిచింది. మన ఊరి చెరువు పేరు, పొలము పేరు, పాము పేరు, పనిముట్టు పేరు మనమే అడిగి వ్రాసి, గీసి పెట్టుకోలేమా? ఈ వేసవి సెలవులలో మీ పిల్లల చేతికి ఒక నోటుపుస్తకము ఇచ్చి, ఊరి పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. చెప్పినవారి పేరు కూడా అడుగున తప్పక వ్రాయించండి.